కుడివైపు గుండె

జూన్ 9

పిచికకి,

అన్నయ్య దీవెనలు. కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. మొదటి వాక్యంలోనే బాగున్నానని రాసేవాళ్ళు నిజంగా బాగుండరని నువ్వంటావు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా గుండె కుడివైపుంది.

నవ్వకు. కిందటి నెలలో దగ్గు ముదిరి జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందన్నారు. ఎక్స్‌రే తీయించుకోమంటే వెళ్ళాను. అక్కడి మనిషి ఫిల్ము తీసి, వెలుతురుకి పెట్టి చూశాడు. తిప్పి పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, "మీరు వెనక్కి తిరిగి గాని నిలబడ్డారా?" అన్నాడు. "నువ్వెలా నిలబెడితే అలాగే నిలబడ్డాను బాబూ" అన్నాను. మూడుసార్లు తీశాడు. మూడోసారి నా కుడిచేతికి సీసపు ముక్క ఒకటి కట్టి మరీ తీశాడు. ఆఖరికి తలగోక్కుని, "సార్, తప్పు నాది కాదు, మీదే. మీ గుండె అటుంది" అన్నాడు.

గుండె ఒక్కటే కాదట. కాలేయం ఎడమకి, కడుపు కుడికి, అంతా అద్దంలో చూసినట్టు ఉందట. డాక్టరు నర్సులందర్నీ పిలిచాడు. ఒక్కొక్కరే వచ్చి నా ఛాతీ మీద గొట్టం పెట్టి వినిపోయారు. మీ వదిన వెళ్ళిపోయాక ఈ తొమ్మిదేళ్ళలో నన్ను చూడటానికి అంతమంది ఒకేసారి రావడం అదే మొదలు. వాళ్ళు వెళ్ళిపోతుంటే కొంచెం బాధేసింది కూడా.

నలభై ఏడేళ్ళు మోసుకు తిరిగాను, ఎటువైపుందో తెలియదు. నీ ఉద్యోగమేమో చేపపిల్లలకి గుండె ఎటుందో లెక్కపెట్టడం! అమ్మ ఉండుంటే, "అన్నని ఇంట్లో వదిలేసి చేపల్లో వెతుకుతోందే" అనేది.

ఫోన్ చెయ్యచ్చుగా అంటావు. నీదసలే పిచిక గొంతు. పంపు హౌస్‌లో ఇరవై రెండేళ్ళు మోటార్ల పక్కన నిలబడి నా చెవులు మొద్దుబారాయి. ఫోనులో నీ మాట సగమే అందుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరమే నయం.

ఇంతకీ నేనెందుకిలా పుట్టాను? నీకు తెలిసే ఉంటుంది. తీరిక చేసుకుని రాయి.

అన్నయ్య


జూన్ 21

అన్నయ్యా,

నీ ఉత్తరం మా చేపల గదిలో నిలబడే చదివాను. నేలమాళిగలో ఉంటుంది ఈ గది. కిటికీలు లేవు. చుట్టూ గాజు తొట్లు, నీళ్ళు పారే చప్పుడు. పొద్దున ఎనిమిదింటికి దీపాలు వెలిగిస్తాం, తెల్లారిందనుకుని చేపలు గుడ్లు పెడతాయి. వాటికి పొద్దు నేనే. నీ పంపు హౌస్‌లాగే ఇక్కడా ఒకరే ఉంటారు, మాట్లాడితే గోడలే వినాలి.

నీ ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. మనిషిని బయటినుంచి చూస్తే కుడీ ఎడమా ఒకటే. లోపల అలా కాదు. పిండం మొదట్లో ఉన్నప్పుడు దానికి తల ఎటో తెలుస్తుంది, వీపు ఎటో తెలుస్తుంది, కుడి ఎడమలే తెలియవు. చెప్పేవాళ్ళెవరు? అక్కడ చిన్న గుంట ఒకటి ఏర్పడుతుంది. కంటికి కనపడనంత చిన్నది. దాని అడుగున సన్నటి వెంట్రుకల్లాంటివి మొలుస్తాయి. అన్నీ ఒకే వైపుకి గిరగిరా తిరుగుతాయి. నిటారుగా కాకుండా కాస్త వాలి తిరుగుతాయి కాబట్టి గుంటలోని నీరు ఎడమవైపుకి జరుగుతుంది. ఆ ప్రవాహం తగిలిన పక్క, "నేను ఎడమ" అని తెలుసుకుంటుంది. అంతే. ఆ తర్వాత గుండె అటు వంగుతుంది, మిగతావి దాన్నిబట్టి సర్దుకుంటాయి. కొన్ని గంటల పని. ఆ తర్వాత ఆ గుంట కూడా ఉండదు.

మా చేపల్లోనూ ఇలాంటిదే ఒక బుడగ ఉంటుంది. గుడ్డు ఆవగింజకన్నా చిన్నది, గాజులా ఉంటుంది, లోపలున్నదంతా కనిపిస్తుంది. నా పని ఆ వెంట్రుకలు కదలని పిల్లల్ని చూడటం. అవి కదలకపోతే నీరు కదలదు. నీరు కదలకపోతే గుండెకి చెప్పేవాళ్ళుండరు, ఎటు తోస్తే అటు పోతుంది. నిన్న రెండువందల పిల్లల్ని లెక్కపెట్టాను. ఎడమ నూట మూడు, కుడి తొంభై ఏడు. బొమ్మా బొరుసూ వేసినట్టే.

ఇక నేను అడిగేవాటికి జవాబు రాయి. నీ ముక్కు చిన్నప్పట్నుంచీ కారుతూనే ఉండేది కదా, ఇప్పటికీ అంతేనా? దగ్గు ఏ వయసు నుంచి ఉంది? చెవుల్లోంచి చీము కారేదని అమ్మ అనేది, అది ఎన్నాళ్ళుంది? పెద్దాసుపత్రిలో ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ నాతో చదువుకుంది. ఆవిడకి రాశాను. వెళ్ళు. ముక్కులో సన్నటి బ్రష్ తిప్పి కాసిని కణాలు తీస్తుంది. ఎందుకని ఇప్పుడే అడక్కు.

పిచిక


జూలై 3

పిచికకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండోసారికే అర్థమైంది, తక్కిన రెండుసార్లూ సరదాకి చదివాను. ఇన్నేళ్ళూ నువ్వేదో మాకందని పని చేస్తున్నావనుకున్నాను. తీరా చూస్తే నీదీ నీళ్ళు తోడే పనే! ఇంట్లో ఇద్దరమూ ఒకే డిపార్ట్‌మెంటన్నమాట.

ఒక అనుమానం. మా మోటారుకి మూడు వైర్లుంటాయి. వాటిలో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. నా గుంటలో వెంట్రుకలు వెనక్కి తిరిగాయా, అసలు తిరగలేదా? రెండూ ఒకటి కాదు. వెనక్కి తిరిగితే బిగించినవాడి తప్పు. తిరక్కపోతే మోటారే చెడ్డది.

నువ్వడిగినవి: ముక్కు ఇప్పటికీ కారుతూనే ఉంది. జేబులో రెండు రుమాళ్ళు లేకుండా గడప దాటను. దగ్గు పుట్టిన దగ్గర్నుంచే ఉందని అమ్మ అనేది. చెవులు పదేళ్ళ వయసుదాకా కారాయి. పొద్దున లేవగానే కఫం పట్టేస్తుంది. ఇదివరకు మీ వదిన నన్ను బోర్లా పడుకోబెట్టి వీపు మీద రెండు చేతులతో తట్టేది. డాక్టరు చెప్పింది కాదు, తనకే తోచింది. ఇప్పుడు డ్యూటీకి వెళ్ళగానే రెండో పంపు పెద్ద గొట్టానికి వీపు ఆనించి పావుగంట నిలబడతాను. అది అదురుతుంటే లోపలిది కదులుతుంది. నా తర్వాత షిఫ్టు ఆయన అది చూసి, "గొట్టంతో కాపురమా?" అంటాడు. అవునన్నాను.

పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాను. మీ డాక్టరమ్మ మంచి మనిషి. బ్రష్ తిప్పితే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఏడవకండన్నయ్యా" అంది. నన్ను అన్నయ్యా అని పిలిచే గొంతు విని చాలా రోజులైంది. ఫలితం నీకే పంపిస్తానంది. నాకెందుకు చెప్పరు?

అన్నయ్య


జూలై 25

అన్నయ్యా,

ఫలితం వచ్చింది. కాగితం మీద రాసేది కాదది. సెప్టెంబరు ఆఖర్లో సెలవు అడిగాను. వచ్చి నీ ఎదురుగా కూర్చుని చెప్తాను. అప్పటిదాకా ఎక్కువ ఆలోచించకు. మందులు వేళకి వేసుకో. నీకిష్టమైనవేవో చేసుకుంటూ ఉండు.

వదిన ఇప్పుడెక్కడుంటోంది? వాళ్ళక్క దగ్గరేనా? నీకెప్పుడైనా రాసిందా? ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

పిచిక


ఆగస్టు 8

పిచికా,

నీ చిన్న ఉత్తరం అందింది. నువ్వు నాలుగు పేజీలకి తక్కువ ఎప్పుడూ రాయలేదు. అరపేజీ రాశావంటే నాకర్థమైంది. నువ్వు కాగితం మీద రాయలేకపోయినా నేను చదువుకోగలను.

నేను ఏడవలేదు. మొదటి రోజు మాత్రం ఇంట్లో కూర్చోలేక పంపు హౌస్‌కి వెళ్ళి, డ్యూటీ లేకపోయినా సాయంత్రం దాకా మీటర్లు చూస్తూ కూర్చున్నాను. నాలుగు పంపులూ నడుస్తున్నాయి. నేనున్నా లేకపోయినా నడుస్తాయి. ఊరికి నీళ్ళందుతాయి. అది మంచి సంగతే అయినా ఎందుకో గుచ్చుకుంది.

మర్నాటినుంచి పనులు చక్కబెట్టుకుంటున్నాను. మూడో పంపు వాల్వు మొండిది. దాన్ని ఎంత తిప్పి ఎక్కడ ఆపాలో నాకొక్కడికే తెలుసు. అది ఒక కాగితం మీద బొమ్మ వేసి గోడకి అంటించాను. నా కాగితాలన్నీ బీరువా పై అరలో, ఆకుపచ్చ సంచిలో ఉన్నాయి. అమ్మ ఫోటో నువ్వు తీసుకెళ్ళు. నా బట్టలు ఎవరికిస్తావో నీ ఇష్టం. ఆ ఎక్స్‌రే మాత్రం మీ ల్యాబులో పెట్టుకో. కనీసం లెక్కలో ఒకటి పెరుగుతుంది.

నువ్వు మీ వదిన గురించి అడిగావు. ఊరికే అడగలేదని నాకు తెలుసు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకోమనేగా నీ ఉద్దేశం? తను వెళ్ళేటప్పుడు చీటీ రాసి పెట్టింది: "మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. నన్ను పిలవకండి." ఎందుకో రాయలేదు. నా దగ్గూ ఈ మోటార్ల హోరూ భరించలేక వెళ్ళిందనుకున్నాను. ఒకసారి వెళ్ళాను కూడా. వాళ్ళక్క గుమ్మంలోనే, "లేదండీ" అంది. లోపల కుట్టుమిషను చప్పుడు వినపడుతూనే ఉంది. తిరిగొచ్చేశాను. మనిషికి పట్టుదల ఉండకూడదమ్మా, ఉన్నా ఇంతకాలం ఉండకూడదు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. నా వల్ల ఏం కష్టపడిందో అడిగి, క్షమించమని చెప్పి వస్తాను.

నువ్వు సెప్టెంబరుకి వస్తే చాలు. పరుగెత్తుకుని రానక్కర్లేదు.

నీ అన్నయ్య


ఆగస్టు 14

అన్నయ్యా,

నువ్వు చావట్లేదు! నీ ప్రాణానికేం కాలేదు! నీ గుండె గట్టిది, ఎటుంటేనేం. ఊపిరితిత్తుల్ని జాగ్రత్తగా చూసుకుంటే నిండు నూరేళ్ళూ ఉంటావు. నేనెంత మూర్ఖంగా రాశానో ఇప్పుడు తెలిసింది. నన్ను తిట్టు.

కానీ ఒక్క మాట విను. నేను వచ్చేదాకా వదిన దగ్గరికి వెళ్ళకు. దయచేసి వెళ్ళకు. నీకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఈ ఉత్తరం ఆదివారం లోపు అందాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

పిచిక


ఆగస్టు 19

చెల్లాయికి,

నువ్వు వద్దని రాసిన ఉత్తరం మంగళవారం అందింది. నేను ఆదివారమే వెళ్ళాను.

మీ వదిన వాళ్ళక్క ఇంటి పైభాగంలో ఉంటోంది. పొడుగాటి గది, వరసగా ఎనిమిది కుట్టుమిషన్లు. అమ్మాయిలకి కుట్టు నేర్పుతుంది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. తను కిటికీ పక్కన కూర్చుని ఒక జాకెట్టుకి కుట్లు విప్పుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవలేదు. "కూర్చోండి" అంది, మిషను ముందున్న స్టూలు చూపించి.

చచ్చిపోతున్నానని చెప్పాను. ఎక్స్‌రే సంగతి, గుండె కుడివైపున్న సంగతి అన్నీ చెప్పాను. తను చేతిలో పని ఆపలేదు.

"అది కొత్త సంగతా?" అంది.

"అదేంటి?"

"మీ పక్కన పడుకున్నదాన్ని. నాకు తెలియదా? పెళ్ళైన నెలకే మీ అమ్మగారికి చెప్పాను, ఆయన గుండె కుడిపక్క కొట్టుకుంటోందండీ అని. 'నీకు కుడీ ఎడమా తెలియదేమో' అని నవ్వారు. మీకూ చెప్పాను. మీరూ నవ్వారు."

నాకు గుర్తులేదు పిచికా. నిజంగా గుర్తులేదు. గుర్తుండుంటే బాగుండేది.

అప్పుడడిగాను, "నన్నెందుకు వదిలేశావు? దగ్గుకేనా?" అని. తను నా మొహంలోకి మొదటిసారి సూటిగా చూసింది. "మీకు నిజంగా తెలియదా?" అంది. లేచి పెట్టె తెరిచి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నీ దస్తూరీ.

మొత్తం రాయను, నీకు తెలిసిందే. ఒక్క వాక్యం రాస్తాను. "నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను వదినా, లోపం మీలోనే ఉంది. మీరు తప్పుకుంటే మా అన్నయ్యకి పిల్లలు కలుగుతారు." మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అంటించి పెట్టుకుంది. అలాంటి ఉత్తరాన్ని ఎవరైనా చింపి పారేస్తారు. తను ఎందుకు దాచుకుందో అడిగాను.

"చదువుకున్నమ్మాయి చెప్పింది. నిజమే కదా అనుకున్నాను. ఎప్పుడైనా మీ దగ్గరికి వచ్చెయ్యాలనిపిస్తే తీసి చదువుకునేదాన్ని" అంది.

నువ్వెందుకు వెళ్ళొద్దన్నావో ఇప్పుడర్థమైంది. నా జబ్బేమిటో నాకు తెలియకపోయినా ఫరవాలేదు. సెప్టెంబరులో రానక్కర్లేదు.

ఇట్లు


ఆగస్టు 30

అన్నయ్యా,

పేరు లేకుండా "ఇట్లు" అని ఆపేశావు. నేను మాత్రం ఈ ఉత్తరం కింద నా పేరు రాస్తున్నాను. తప్పు చేసింది నేనే, నీ చెల్లెల్ని.

అప్పుడు అమ్మ మంచం మీద ఉంది. రోజూ ఏడిచేది. డాక్టర్ల దగ్గరికి తిరిగింది వదిన. పరీక్షలు చేయించుకుంది వదిన. ఏమీ తేలకపోతే దాస్తోందని అమ్మ అంది. నేను అప్పుడే ఈ ల్యాబులో చేరాను. ఏదో పెద్ద తెలిసినదాన్నన్న పొగరు. అమ్మ రాయమంటే రాశాను. కానీ "జీవశాస్త్రం చదువుకున్నదాన్ని" అన్న మాట అమ్మది కాదు. అది నాదే.

ఇప్పుడు ఫలితం చెప్తాను. ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. నువ్వు రావద్దన్నావు.

డాక్టరమ్మ నాకొక వీడియో పంపింది. నీ ముక్కులోంచి తీసిన కణాలు. మన ముక్కులో, ఊపిరి గొట్టంలో, చెవి లోపల కూడా ఆ గుంటలో ఉండేలాంటి వెంట్రుకలే ఉంటాయి. అవి ఊగుతూ దుమ్మునీ కఫాన్నీ బయటికి నెడతాయి. నీ వెంట్రుకలు వరసగా, చక్కగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. గాలి ఆడని చోట గడ్డిలా ఉన్నాయి. నేను తొమ్మిదేళ్ళుగా చేపల్లో చూస్తున్నది అదే. నువ్వడిగావు కదా, వెనక్కి తిరిగాయా, తిరగలేదా అని. తిరగలేదన్నయ్యా. పిండంగా ఉన్నప్పుడూ తిరగలేదు, ఇప్పుడూ తిరగడం లేదు. నీ దగ్గు, నీ ముక్కు, నీ చెవులు అన్నీ అందుకే. మోటార్ల మీద నింద వేశావు గానీ, నీ చెవుల్ని సగం పాడుచేసింది ఇదే.

ఇంకొకటి ఉంది. మగవాళ్ళలో వీర్యకణానికి తోక ఉంటుంది. ఆ తోకా ఆ వెంట్రుకా దాదాపు ఒకే తీరున కట్టినవి. ఒకటి కదలనివాళ్ళలో చాలామందికి రెండోదీ కదలదు. నీకొక పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది. కానీ అన్నేళ్ళు కాపురం చేసి పిల్లలు లేకపోవడానికి కారణం వదిన కాదని నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు తోచింది. వీడియో చూశాక అనుమానం లేదు. నీ తప్పూ కాదిది. అమ్మలో ఒక సగం, నాన్నలో ఒక సగం దాక్కుని ఉంది. వాళ్ళకేమీ కాలేదు. రెండూ కలిసింది నీలో.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది చెప్పనా? వెంట్రుకలు కదలకపోతే గుండె కుడికే పోవాలని లేదు. సగంమందికి మామూలుగా ఎడమకే పోతుంది. నీకూ అలా పోయుంటే ఆ ఎక్స్‌రే మనిషి ఫిల్ము తిప్పి చూసేవాడు కాదు. నువ్వు నాకు రాసేవాడివి కాదు. లోపం వదినదే అనుకుంటూ ముగ్గురమూ ముసలివాళ్ళమైపోయేవాళ్ళం. నేను ఆ ఉత్తరం సంగతి మర్చిపోయి, సభల్లో చేపల గుండెల గురించి మాట్లాడుతూ తిరిగేదాన్ని.

జూన్‌లోనే చెప్పాల్సింది. చెప్తే ఆ ఉత్తరం సంగతి కూడా చెప్పాలి. అది చేతకాక నిన్ను చావు దాకా తీసుకెళ్ళాను.

నన్ను క్షమించమని అడగను. ఇది చదివినట్టు ఒక్క ముక్క రాయి.

పిచిక


అక్టోబరు 2

అన్నయ్యా,

నెల దాటింది. సెలవు రద్దు చేసుకున్నాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి దీపాలు వేస్తాను, సాయంత్రం దాకా ఎడమ, కుడి అని గీతలు గీస్తాను. ఇవాళ మా ల్యాబు పెద్దావిడ నా కాగితం చూసి, "ఏమైంది నీకు? ఒకే వరసలో నూటఇరవై గీతలు గీశావు, ఏది ఏదో రాయలేదు" అంది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.

వర్షాలు పడుతున్నాయట అక్కడ. ఛాతీ జాగ్రత్త.

పిచిక


అక్టోబరు 20

పిచికా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రాయడానికి కాగితం ముందు చాలాసార్లు కూర్చున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకుంటే అది తగ్గేలా లేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

ఆ పరీక్ష చేయించుకున్నాను. నువ్వన్నదే. ఒక్కటీ కదలడం లేదు. డాక్టరమ్మ నాకు చూపిస్తానంది, నేనే వద్దన్నాను.

కిందటి ఆదివారం నీ ఉత్తరం పట్టుకుని మీ వదిన దగ్గరికి వెళ్ళాను. ఈసారి చచ్చిపోవడం లేదని ముందే చెప్పాను. "తెలుసు, మీరంత తొందరగా పోయే మనిషి కాదు" అంది. ఉత్తరం తనకి ఇవ్వలేదు, నేనే పైకి చదివాను. మొదట్నుంచి కాదు, వీడియో దగ్గర్నుంచి చదివాను. వీర్యకణం అన్నచోట నా మాట తడబడింది. భార్య ముందు సిగ్గేమిటో! "కారణం వదిన కాదని" అన్నచోట తను చెయ్యెత్తి ఆపింది.

"అది మళ్ళీ చదవండి."

చదివాను. ఇంకోసారి చదవమంది. మూడుసార్లు చదివాను. తర్వాత తను మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడుస్తోందేమో తెలియదు, నాకు వినపడలేదు. దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. ఆ గదిలో నేను చుట్టాన్ని.

అటు చూస్తూనే అంది, "ఆస్పత్రిలో నా కడుపు మీద ఎన్ని చేతులు పడ్డాయో మీకు తెలుసా? మిమ్మల్ని ఒక్కరూ ఒక్క పరీక్షకి పిలవలేదు. మీరైనా నాకూ చెయ్యండని అనలేదు."

అనలేదు పిచికా. అది నీ ఉత్తరంలో లేదు. అది నాది.

ఇంటికి రమ్మని అడిగాను. రానంది. కోపంగా అనలేదు. "ఇక్కడ ముప్ఫైమంది అమ్మాయిలు నన్ను టీచరమ్మా అని పిలుస్తారు. అక్కడికొస్తే నేనెవర్ని? ఇప్పుడు కాదు. ఎప్పుడో నాకు తెలియదు. మీరు మాత్రం అడక్కండి" అంది. సరేనన్నాను. నేను లేస్తుంటే దగ్గొచ్చింది, మెట్లమీదికి వచ్చినా ఆగలేదు. తను మెట్ల పైన నిలబడి అది ఆగేదాకా చూసింది. కిందికి దిగలేదు, తలుపూ వేసుకోలేదు.

నీకొక మాట చెప్పమంది. "తను ముందు రాసిన ఉత్తరం నా పేరు మీద వచ్చింది. ఈ మాటలూ నా పేరు మీదే రావాలి. మీకు రాసింది మీరు చదివి వినిపిస్తే నాకు సరిపోదు." చిరునామా వెనక రాశాను.

నీ మీద కోపం పోలేదు. అయినా వానలో తడిసి, డబ్బాలో పడ్డ నీ ఉత్తరం సిరా చెరిగిపోతుందేమోనని మోటారు మీద ఆరబెట్టాను. ఏమనుకుంటావో అనుకో.

అన్నయ్య


నవంబరు 1

వదినగారికి,

నమస్కారం. మీ పేరు మీద రావాలన్నారట. రాస్తున్నాను.

మీకు పిల్లలు కలగకపోవడానికి కారణం మీరు కాదు. మీలో లోపం ఉందని చెప్పడానికి అప్పుడూ ఆధారం లేదు, ఇప్పుడూ లేదు. కారణం మా అన్నయ్య శరీరంలో ఉంది. ఆయన అమ్మ కడుపులో మూడు వారాల పిండంగా ఉన్నప్పుడే అది ఉంది. అప్పుడు కదలాల్సినవి కదల్లేదు కాబట్టి ఆయన గుండె కుడికి పోయింది. అలాంటివే కదలకపోవడం వల్ల పిల్లలు కలగలేదు. రెండు పరీక్షల్లోనూ ఇది తేలింది. ఆ నకళ్ళు దీనితో పంపిస్తున్నాను. మీరు ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకి చూపించండి.

గుండె కుడివైపు వినిపిస్తోందని మీరు పెళ్ళైన నెలకే చెప్పారట. మా ఇంట్లో ఒక్కరు పట్టించుకున్నా ఆ తర్వాతి పరీక్షలు మీకు కాక ఆయనకి జరిగేవి. మీకు తెలిసినంత కూడా తెలియకుండా, తెలిసినదాన్నని నేను మీకు రాశాను. అమ్మ చెప్పింది, చిన్నదాన్ని అని సర్దిచెప్పుకోవచ్చు. ఇరవయ్యారేళ్ళ మనిషి చిన్నది కాదు.

మీరు తిరిగి రావాలని ఇది రాయడం లేదు. అన్నయ్య గురించి నేను అడిగేదీ ఏమీ లేదు. ఆ హక్కు నేనే పోగొట్టుకున్నాను. దీనికి జవాబు రాయాలని కూడా అనుకోకండి.

ఇవాళ ఆదివారం. ల్యాబులో ఎవరూ లేరు. పోస్టులో వేసేముందు మీకెలా వినిపిస్తుందో తెలుసుకుందామని చేపల గదిలో నిలబడి ఈ ఉత్తరం పైకి చదివాను. "కారణం మీరు కాదు" అన్నచోటికి వచ్చి ఆగిపోయాను. మొదట్నుంచి మళ్ళీ చదివాను. తొమ్మిదేళ్ళ కిందట రాసిన ఉత్తరాన్ని పంపేముందు ఒక్కసారి కూడా పైకి చదవలేదు.

మీ ఆడపడుచు